మేకుల ఫ్యాక్టరీలో ఏనుగు

ఆ ఓడరేవు నగరంలో రైలు గేటుకు ఇవతల వరహాల షెడ్డు అని ఒక మేకుల ఫ్యాక్టరీ ఉంది. కట్టి ఎనభై ఏళ్ళు దాటింది. ఎత్తయిన ఇటుక గోడలు, పైన రేకులు, లోపల తొమ్మిది యంత్రాలు. ఒక పక్క నుంచి ఇనుప తీగ లోపలికి వెళ్తుంది, రెండో పక్క నుంచి మేకులు టపటపా రాలతాయి. యజమానులు ఎప్పుడో చేతులెత్తేస్తే, అరవై రెండు మంది కార్మికులు సహకార సంఘం పెట్టుకుని దాన్ని నడుపుకొస్తున్నారు. వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం కదా, అప్పుడు పడవలన్నీ ఒడ్డుకెక్కి మరమ్మతులు చేయించుకుంటాయి. ఆ పడవలకు మేకులు ఈ షెడ్డు నుంచే వెళ్ళాలి. అవి వేళకు అందకపోతే వేట మొదలైన రోజున సగం రేవు ఒడ్డునే కూర్చుంటుంది.

మార్చి నెలలో ఒకనాడు నగర రహదారుల విస్తరణ సంస్థ మనుషులు వచ్చి షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో మనిషంత ఇంటూ మార్కు పెట్టి వెళ్ళారు. కొత్త రోడ్డు సరిగ్గా షెడ్డు మధ్య నుంచి పోతుందట.

"ఇంటూ ఎట్టేరేటి దాలన్నా, మన లెక్క గాని తప్పిపోనాదా?" అంది పోలమ్మ. ఆమె ప్యాకింగ్ విభాగానికి పెద్ద. ఆమె కింద పద్దెనిమిది మంది ఆడవాళ్ళు మేకులు ఏరి, తూచి, సంచులకెత్తుతారు.

ఫోర్మన్ దాలినాయుడు గోటితో ఆ రంగు గీకి చూశాడు. అతనికి యాభై నాలుగేళ్ళు. పద్దెనిమిదో ఏట ఈ షెడ్డులో అడుగుపెట్టాడు. మూడో నంబరు యంత్రం దగ్గు విని దానికి నూనె కావాలో తిట్టు కావాలో చెప్పగలడు. పదో తరగతి వరకు చదివాడు, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. అందుకని సంఘం తరఫున అర్జీలన్నీ అతనే రాస్తాడు. ఆ ఎర్ర గుర్తు మాత్రం ఏ అర్జీకీ చెరిగేలా కనిపించలేదు.

అదృష్టమో దురదృష్టమో గాని, ఆ ఏడాది ఆ నగరానికి వారసత్వం పూనింది. పాత గోడ కనిపిస్తే చాలు, జనం దాన్ని నిమిరి ఫొటో దిగుతున్నారు. ఆదివారం ఉదయాన గుడ్డ సంచులు తగిలించుకున్న పెద్దమనుషులు గుంపులు గుంపులుగా మురికివాడల్లో తిరిగి, పాత గొళ్ళేల ముందు నిలబడి "ఆహా" అంటున్నారు. ఈ ఉత్సాహాన్ని క్రమబద్ధం చేయడానికి పారిశ్రామిక వారసత్వ పునఃప్రతిష్ఠాపన మండలి అని ఒకటి వెలిసింది. మండలి ఒక కట్టడాన్ని వారసత్వమని ప్రకటిస్తే ఇక దాన్ని రోడ్డు కాదు కదా, రోడ్డు మీద దుమ్ము కూడా తాకకూడదు. షరతు ఒక్కటే. దరఖాస్తుతో పాటు కట్టడం చరిత్ర సమర్పించాలి. అది నలభై పుటలకు తగ్గరాదు.

"నలబై పేజీలా! మేకులకా!" అన్నారు అందరూ. అని, అందరూ కలిసి దాలినాయుడి వైపు చూశారు.

అతను తెల్ల కాగితాల బొత్తి చంకలో పెట్టుకుని అసిరయ్య ఇంటికి వెళ్ళాడు. బతికున్న పాత కార్మికుల్లో అసిరయ్యే పెద్ద. ఎనభై ఆరేళ్ళు. వీధి అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"తాతా, మన షెడ్డు సరిత్ర సెప్పు."

"ఏటుంటాది నాయినా సరిత్ర! పొద్దున్నొచ్చి మేకులు సేసేవోరు. పొద్దోయిందాకా మేకులే సేసేవోరు. మర్నాడొచ్చి మల్లీ మేకులే."

"అది కాదు తాతా. పెద్ద సంగతి... గొప్ప సంగతి..."

అసిరయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఓ పాలి పంది దూరింది" అన్నాడు. "గొప్ప గొడవైంది. తీగసుట్టల్లో ఇరుక్కుపోయింది. మా యమ్మే దాన్ని లాగింది. మా యమ్మ అక్కడ మేకులేరేది కదా. నన్ను తట్టలో కూకోబెట్టుకొని తెచ్చీది. సేతులన్నీ గీరుకుపోయి..."

దాలినాయుడు వింటూ తల ఊపాడు. కాగితం మీద మాత్రం 'పంది' అని రాసుకున్నాడు.

ఆదివారం క్యాంటీన్ బల్ల ముందు కూర్చున్నాడు. ఉన్నదంతా రాస్తే ముప్పావు పేజీ వచ్చింది. మిగిలిన ముప్పై తొమ్మిదింపావు పేజీలు తెల్లగా అతని వంక చూశాయి. అప్పుడు అతనిలో ఇన్నాళ్ళూ అర్జీల కింద అణిగి ఉన్న కవి లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. పంతొమ్మిది వందల నలభై ఒకటిలో షెడ్డు తెరిచిన రోజున ఎర్ర తలపాగాలు చుట్టిన కార్మిక వీరులు బారులు తీరి పాట పాడుతూ ప్రవేశించారు. రోజూ పదకొండు గంటలకు వ్యవస్థాపకులవారు స్వహస్తాలతో అందరికీ పానకం పోసేవారు. తీగచుట్టలను జోడు తెల్ల గిత్తలు లాగేవి. పంది దగ్గరికి వచ్చేసరికి దాలినాయుడు కలం ఆపాడు. ముప్పై ఒకటో పేజీలో పంది ఏం బాగుంటుంది? కాసేపు గడ్డం గోక్కున్నాడు. పంది ఏనుగైంది. ఏనుగు అన్నాక ఊరికే దూరి ఊరుకోదు కాబట్టి పెద్ద చక్రాన్ని తొండంతో ఎత్తి ఇరుసు మీద కూర్చోబెట్టింది. దాంతో ఏకంగా అయిదు పేజీలు నిండాయి.

చదివి వినిపిస్తే కార్మికులు చప్పట్లు కొట్టారు. అసిరయ్య ఒక్కడే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇదే వూరు నాయినా?" అన్నాడు.

మండలి ఆ చరిత్రను పదకొండు రోజుల్లో ఆమోదించింది. వరహాల షెడ్డు వారసత్వ కట్టడమైంది. రోడ్డు పక్కకు జరిగి షెడ్డు గేటు ముందున్న ఖాళీ మైదానంలోంచి పోయేలా పటం మార్చుకుంది. ఎర్ర ఇంటూ మీద సున్నం వేశారు. ఆ రోజు మేకుల సంచుల మీద కూర్చుని అందరూ జిలేబీ తిన్నారు. దాలినాయుడు జన్మలో మొదటిసారి తనను తాను రచయిత అనుకున్నాడు.

వారం తిరగకుండా మండలి ఉపసంచాలకులు డాక్టర్ చిదానందేశ్వరరావు గారు వేంచేశారు. ఖద్దరు లాల్చీ, మెడలో కళ్ళద్దాల తాడు, చేతిలో ఆ నలభై పుటల చరిత్ర. దానికి ఎర్ర అట్ట వేసి బంగారు అక్షరాలు కొట్టించారు. ఆయన షెడ్డు మధ్య నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఆమోదిత చరిత్రను అనుసరించి, ఈ కట్టడాన్ని దాని ఆధార సంవత్సరంలో పునఃప్రతిష్ఠాపించడమైనది. నేటి నుంచి ఈ ప్రాంగణంలో పంతొమ్మిది వందల నలభై ఒకటి అమలులో ఉంటుంది."

"ఎన్నాళ్ళండి?" అన్నాడు దాలినాయుడు.

"శాశ్వతంగా."

మొదటి వారం సరదాగానే గడిచింది. మండలి ఖర్చుతో ఎర్ర తలపాగాలు వచ్చాయి. పదకొండింటికి మండలి గుమాస్తా ఒకాయన వ్యవస్థాపకుడి వేషంలో, అంటించిన మీసాలతో వచ్చి పానకం పోసేవాడు. ఏప్రిల్ ఎండల్లో మిరియాల పానకం ఎవరికి చేదు? చాలామంది రెండోసారి వరసలో నిలబడేవారు. పాట పాడుతూ ప్రవేశించాలన్నారు గాని, ఏ పాటో దాలినాయుడు రాయలేదు. అందుకని పోలమ్మ అప్పటికప్పుడు ఒకటి కట్టింది.

*మేకూ మేకూ యాడికెల్తావ్?*
*మేడ గోడకు దిగబడతాన్!*
*మేడ సల్లన, మేము యెచ్చన,*
*మేటి బాబుల నెత్తి సల్లన!*

చిదానందేశ్వరరావు గారు తాళం వేస్తూ విని, "అచ్చమైన జానపద బాణీ. ఆ కాలపు అమాయకత్వం ఉట్టిపడుతోంది" అని రాసుకున్నారు.

రెండో వారం కాలవిరుద్ధ వస్తువుల తొలగింపు మొదలైంది. చరిత్రలో పేర్కొనని ప్రతి వస్తువూ కాలవిరుద్ధమే. చరిత్రలో ఫ్యాన్లు లేవు. ట్యూబులైట్లు లేవు. మంచినీళ్ళ కుళాయి లేదు. మరుగుదొడ్డి లేదు.

"అయ్యా, ఆ రోజుల్లో మాత్రం మడుసులు..." అని దాలినాయుడు నసిగాడు.

"నలభై పుటల్లో ఎవరూ వెళ్ళిన దాఖలా లేదు" అన్నారు ఉపసంచాలకులు, పేజీలు తిప్పుతూ. తిప్పుతూ తిప్పుతూ పదిహేడో పేజీ దగ్గర ఆగారు. కళ్ళద్దాల పైనుంచి ప్యాకింగ్ విభాగం వైపు చూశారు. "కార్మిక వీరులు, తలపాగాలు... ఊఁ. స్త్రీల ప్రస్తావన ఎక్కడా లేదే?"

షెడ్డులో యంత్రాలు మోగుతూనే ఉన్నాయి. దాలినాయుడు మెడ చాచి తను రాసిన ఆ పేజీని చూశాడు.

ఆ సాయంత్రానికల్లా పంతొమ్మిది మంది ఆడవాళ్ళూ కాలవిరుద్ధ వ్యక్తులుగా గేటు బయట ఉన్నారు. పోలమ్మ త్రాసు చంకన పెట్టుకుని వెళ్తూ అతని ముందు ఆగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నలబై పేజీలు రాసినావు. పందిని ఏనుగును సేసినావు. పంతొమ్మిది మందిమి, ముప్పయ్యేళ్ళుగా నీ ఎదటే కూకున్నాం. మేం కనబళ్ళేదా దాలన్నా?"

అసిరయ్య చెప్పిన మాట ఆ రాత్రి దాలినాయుడి చెవిలో గింగురుమంది. చేతులు గీరుకుపోయి, తట్టలో పిల్లవాణ్ణి పెట్టుకుని మేకులేరిన ఆ తల్లి నిజంగా ఉంది. తను వినీ రాయలేదు. అందంగా లేదనుకున్నాడు.

పొద్దున్నే మొహం కడుక్కుని తిన్నగా మండలి కార్యాలయానికి పోయాడు.

"బాబుగారూ, తప్పైపోనాది. ఆ సరిత్రంతా నేను అల్లినానండి. తలపాగాల్లేవు. పానకం లేదు. ఆడోలు మాత్రం ఉన్నారండి. మొదటి దినం నుంచీ ఉన్నారు. అసిరి తాతని కన్నతల్లి అక్కడే పని సేసింది. అదొక్కటీ సేర్చుకోండి."

చిదానందేశ్వరరావు గారు ఎంతో కరుణతో చూశారు. "ఆమోదించిన చరిత్రలో సవరణలకు అవకాశం లేదు. చరిత్రను మార్చాలనుకోవడం నేరం కూడాను."

"మార్చింది నేనేనండి! రాసినోణ్ణి నేనే సెప్తన్నాను కదా, అబద్ధమని!"

"చరిత్ర విషయంలో రచయిత అభిప్రాయానికి ప్రాధాన్యం ఉండదు."

"ఏనుగు లేదండి! అది పందండీ బాబూ!"

ఉపసంచాలకులు చిరునవ్వు నవ్వి, సొరుగులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టారు. షెడ్డు నేల మీద గుండ్రని పల్లం. పక్కన కొలబద్ద. "మా నిపుణులు కనుగొన్నారు. ఏనుగు కుడి వెనక కాలు ముద్ర. పందికి ఇటువంటి భౌతిక ఆధారం ఏదైనా ఉందా మీ దగ్గర?"

దాలినాయుడు ఫొటోలోని ఆ పల్లాన్ని గుర్తుపట్టాడు. నూనె పీపా పెట్టీ తీసీ పడిన గుంట అది. చెప్పబోయి నోరు మూసుకున్నాడు. చెబితే పీపా కూడా కాలవిరుద్ధమవుతుంది.

ఆడవాళ్ళు ఇంటికి మాత్రం పోలేదు. గేటు ముందు మైదానంలో టార్పాలిన్ కట్టి, లోపలి నుంచి మగవాళ్ళు తట్టలతో తెచ్చి పోసిన మేకుల్ని అక్కడే ఏరి సంచులకెత్తడం మొదలుపెట్టారు. పడవల వాళ్ళు రోజుకొకరు వచ్చి, "ఎంతవరకొచ్చింది?" అని అడిగిపోతున్నారు. వేటకు ఇంకా నెల పైచిలుకు ఉంది.

అంతలో ఏనుగు వచ్చింది.

నిజం ఏనుగే. ఎక్కడో సర్కసు మూతపడితే, ఏనుగు కావాలన్న మండలి ప్రకటన చూసి మావటి నడిపించుకొచ్చాడు. రైలు గేటు దగ్గర నుంచి పిల్లా పెద్దా దాని వెనకే. పోలమ్మ బృందం సంచులు వదిలేసి లేచింది. క్యాంటీన్ అరటిపళ్ళు రెండు నిమిషాల్లో మాయమయ్యాయి. ఉపసంచాలకులు గేటు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

"ఎనభై మూడేళ్ళ తర్వాత తిరిగి వచ్చింది" అన్నారు గద్గదంగా. తర్వాత తేరుకుని, "వయసు ధ్రువీకరణ?" అని చేయి చాచారు.

మావటి చెమట తుడుచుకుని కాగితం ఇచ్చాడు. ఏనుగుకు నలభై ఆరేళ్ళు.

"అంటే ఆధార సంవత్సరానికి ఇది పుట్టనే లేదు!" ఉపసంచాలకుల మొహం ఎర్రబడింది. "కాలవిరుద్ధ ఏనుగు. లోపలికి అనుమతించరాదు."

ఏనుగు కాసేపు గేటు కమ్మీల మధ్య నుంచి తొండం దూర్చి, మండలి గుమాస్తా అంటించుకున్న మీసాలు ఊడబెరికి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

కాని తనే అన్న ఆ మాట ఉపసంచాలకుల మనసులో ముల్లులా దిగబడింది. ఏనుగుకు వర్తించే నియమం మనిషికి వర్తించదా? మూడు రోజులు తలుపులు మూసుకుని ఆలోచించి, నాలుగో రోజున కొత్త ఉత్తర్వు తెచ్చి దాలినాయుడికి చదివి వినిపించారు. ఆధార సంవత్సరం తర్వాత పుట్టిన ఏ వస్తువు గాని, జంతువు గాని, వ్యక్తి గాని ప్రాంగణంలో ఉండరాదు. యంత్రాల మీద పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది అని పోతపోసి ఉంది కనుక అవీ బయటికి పోవాలి. దీనికి మినహాయింపులు లేవు.

"మరి లోపల ఎవరుంటారండి?" అన్నాడు దాలినాయుడు నీరసంగా.

"అర్హత గల వ్యక్తి."

నగరమంతా వెదికితే పనికొచ్చేవాడు ఒక్కడే దొరికాడు. అసిరయ్యను అరుగు మీది నుంచి లేపి, ఎర్ర తలపాగా చుట్టి, 'తత్కాలీన ప్రామాణిక వ్యక్తి' అని నియామక పత్రం ఇచ్చి, షెడ్డు తాళాలు చేతిలో పెట్టారు. ఆయన లోపల బల్ల మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. ఆయన చేతిలోని అగ్గిపెట్టె మీద ఎవరి దృష్టీ పడలేదు.

తాళాలు ఇచ్చిన మరుక్షణం ఉపసంచాలకులు కూడా గేటు దాటి బయటికి నడవవలసి వచ్చింది. ఆయన పుట్టింది అరవై తొమ్మిదిలో. నిబంధన పట్ల ఆయన నిష్ఠ అలాంటిది. బయటికి వచ్చి, వెనక్కి తిరిగి, గర్వంగా ఒకసారి చూసుకుని కారెక్కారు. పై రేకులు పీకి పెంకు వేయించాలని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. కాని రేకులు పీకడానికి వచ్చిన కూలీలు కూడా నలభై ఒకటి తర్వాతే పుట్టారు. అందుకని రేకులు మిగిలిపోయాయి. తీయడానికి మనిషి దొరకని కరెంటు తీగలు కూడా మిగిలిపోయాయి.

తొమ్మిది యంత్రాలూ దుంగల మీద దొర్లుకుంటూ మైదానంలోకి వచ్చాయి. దాలినాయుడు వాటి మధ్య నడినెత్తిన ఎండలో నిలబడిపోయాడు. ముప్పై ఆరేళ్ళలో ఆ యంత్రాలను వెలుతురులో చూడడం అదే మొదటిసారి. ఇంత చిన్నవా ఇవి అనిపించింది. ఏడుపొచ్చింది.

"ఏటలగ నిలబడ్డావు?" అంది పోలమ్మ టార్పాలిన్ కింద నుంచి. "రా, ఇక్కడ నీడుంది. తీగ తగిలించు. మేకులు ఇంట్లోనే పుట్టాలని ఏ సరిత్రలోనైనా రాసుందేటి?"

అలా మైదానంలో ఫ్యాక్టరీ మొదలైంది. స్తంభం నుంచి కరెంటు లాక్కున్నారు. ఇంకో రెండు టార్పాలిన్లు కట్టారు. తలపాగాలు మాత్రం ఎవరూ తీయలేదు, ఎండకు బాగున్నాయి. అరవై రెండు మందీ మళ్ళీ ఒకచోట చేరేసరికి పని ఊపందుకుంది. పోలమ్మ పాటకు రోజుకో చరణం పెరుగుతోంది. అన్నీ ఉపసంచాలకుల మీదే.

మే నెల సగంలో రోడ్డు వచ్చింది.

రోడ్డు అంటే ముందుగా జీపు. జీపులోంచి రహదారుల విస్తరణ సంస్థ ఆక్రమణల తొలగింపు అధికారి జగ్గారావు గారు దిగారు. చంకలో లావుపాటి నిబంధనల పుస్తకం. ఆయన మైదానాన్నీ, దాని మధ్య టపటపలాడుతున్న ఫ్యాక్టరీనీ చూసి నివ్వెరపోయారు.

"రహదారి మధ్యలో పరిశ్రమ స్థాపించుట! ఇరవై ఏళ్ళ సర్వీసులో కొబ్బరిబొండాల బండి చూశాను, పాక చూశాను, ఒకసారి పెళ్ళిపందిరి కూడా చూశాను. ఇది... ఇది..." ఆయన పుస్తకం తెరిచారు. "యావత్తూ స్వాధీనం."

దాలినాయుడు ముందుకు పరిగెత్తాడు. వేటకు నెల కూడా లేదు. ఇంకా మూడొందల సంచులు నింపాలి. "బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను..." అంటుండగా పోలమ్మ అతన్ని పక్కకు జరిపి ముందుకొచ్చింది.

"జప్తు సేసుకోండి బాబూ, మీ డ్యూటీ మీది. సేసి యాడెడతారు?"

"నిబంధన నూట పన్నెండు" అన్నారు జగ్గారావు గారు వేలు తడి చేసుకుంటూ. "స్వాధీనం చేసుకున్న వస్తువులను సమీపంలో ప్రభుత్వ అధీనంలో ఉన్న ఖాళీ కట్టడంలో భద్రపరచవలెను." ఆయన తలెత్తి చుట్టూ చూశారు. ఎటు చూసినా ఒకే ఒక కట్టడం ఉంది. "ఆ షెడ్డు ఎవరిది?"

"సర్కారోరిదే బాబూ. మండలోలు తీసేసుకున్నారు."

"లోపల ఎవరున్నారు?"

"అసిరి తాతొక్కడు. సుట్ట కాల్సుకుంటన్నాడు."

"అంటే ఖాళీయే."

దాలినాయుడు పోలమ్మ మొహం వంక చూశాడు. ఆమె మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసి అతనికి సంగతి అర్థమైంది. మెల్లగా దగ్గాడు. "బాబుగారూ, మరి యంత్రాలు ఆపీమంటారా?"

"ఎవడయ్యా ఆపమన్నది!" జగ్గారావు గారు ఉరిమారు. "నిబంధన నూట పదమూడు. స్వాధీన వస్తువును స్వాధీనమైన నాటి స్థితిలోనే కాపాడవలెను. నేను చూసినప్పుడు ఇవి నడుస్తున్నాయి. విచారణ ముగిసే దాకా నడుస్తూనే ఉండాలి. మోసేటప్పుడు మాత్రం, ఒక్కో యంత్రానికి నలభై నిమిషాలు స్థానాంతర విరామం ఇస్తాను."

"మరి మేమో?"

"స్వాధీన వస్తువుల వెంట దొరికిన వ్యక్తులు విచారణ ముగిసే దాకా వాటిని విడిచి వెళ్ళరాదు. వెళ్తే కేసు."

"ఇచారణ ఎన్నాళ్ళుంటాది బాబూ?" అంది పోలమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"తొందరపెట్టకండి. మామూలుగా పద్నాలుగేళ్ళు పడుతుంది."

సాయంత్రానికి తొమ్మిది యంత్రాలూ సంస్థ లారీల మీద ఊరేగుతూ వెనక్కి వచ్చి, తమ తమ పాత స్థానాల్లో దిగాయి. అసిరయ్య తాళం తీసి పట్టుకున్నాడు. గేటు బయట ఉన్న మండలి కాపలావాడు అడ్డం వస్తే జగ్గారావు గారు తీరిగ్గా వివరించారు: వీళ్ళు వ్యక్తులు కారు, జప్తు సామానుకు అనుబంధాలు. కాపలావాడు ఉత్తర్వు తిరగేసి చూశాడు. అనుబంధాల వయసు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

గేటు దగ్గర సంస్థ గుమాస్తా పెద్ద రిజిస్టరు పెట్టుకుని ఒక్కొక్కరి పేరూ రాసుకుంటున్నాడు. వరసలో మొదట నిలబడింది ప్యాకింగ్ విభాగం. దాలినాయుడు అతని భుజం మీదుగా తొంగి చూశాడు. ఒకటి, పోలమ్మ, మేకుల పని. రెండు, తవిటమ్మ, మేకుల పని. మూడు, నూకాలు, మేకుల పని. పంతొమ్మిది వరకు వరసగా. ప్రభుత్వం వారి పుస్తకంలో, నీలం సిరాతో. తను నలభై పేజీల్లో చేయలేని పనిని ఈ గుమాస్తా ఆవలిస్తూ చేసేశాడు. దాలినాయుడు కళ్ళు తుడుచుకుని, తన పేరు ఇరవయ్యోది రాయించుకున్నాడు.

మండలికి ఈ సంగతి తెలిసి భగ్గుమంది. సంస్థకు తొమ్మిది పేజీల లేఖ రాసింది. ఆ లేఖను మైదానంలో అందుకున్నందున సంస్థ దాన్నీ స్వాధీనం చేసుకుంది. దాని మీద విచారణకు మరో పద్నాలుగేళ్ళు.

మే నెలాఖరున చిదానందేశ్వరరావు గారు స్వయంగా వచ్చారు. గేటు ముందు కారు దిగి, సరిగ్గా ప్రాంగణం హద్దు గీత దగ్గర ఆగారు. లోపల టపటపటప. తొమ్మిది యంత్రాల మోత, దాని మీద ఆడవాళ్ళ పాట. ఆయన పాదం ఒకసారి గీత దాటబోయి, ఉత్తర్వు మీది ఆయన సంతకమే ఆయనకు గుర్తొచ్చి, వెనక్కి వచ్చింది.

అసిరయ్య తలపాగా సర్దుకుంటూ గేటు దాకా వచ్చాడు.

"ఏమిటా చప్పుడు?" అన్నారు ఉపసంచాలకులు.

"మేకులండి."

"లోపల ఎవరున్నారు?"

"నేనొక్కణ్ణేనండి మనిషిని. మిగతాది జప్తు సామాను."

ఉపసంచాలకులు గేటు కమ్మీలు పట్టుకుని లోపలికి తొంగి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్లు అడిగారు. "నలభై ఒకటిలో కూడా చప్పుడు ఇలాగే ఉండేదా?"

అసిరయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తట్టలో కూర్చుని విన్నప్పటి వయసు ఆయనకు మూడు.

"అచ్చం ఇలాగేనండి" అన్నాడు. "మా యమ్మా పాడేది."

చిదానందేశ్వరరావు గారు జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. 'ధ్వని: ఆధార సంవత్సరానికి అనుగుణం. ప్రామాణిక వ్యక్తి సాక్ష్యంతో ధ్రువీకరించడమైనది' అని రాసుకున్నారు. రాసుకున్నాక ఆయన మొహం తేటపడింది. కారెక్కే ముందు ఒకసారి పాటకు కాలితో తాళం వేశారు. పాటలో ఆ చరణం ఆయన మీదిదే.

లోపల కిటికీ పక్కన నిలబడి ఇదంతా వింటున్న దాలినాయుడికి నవ్వు పొంగుకొచ్చింది. ఆపుకొనే కొద్దీ ఎక్కువైంది. మూడో నంబరు యంత్రాన్ని పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఓ దాలన్నా!" పోలమ్మ త్రాసు దగ్గర నుంచి కేకేసింది. "నవ్వు తరవాత నవ్వుదువు గాని, తీగ అయిపోనాది. రేవోలు బండి తెచ్చీనారు."

"వత్తన్నాను, వత్తన్నాను" అంటూ అతను కొత్త తీగచుట్ట భుజానికెత్తుకున్నాడు.